అరవయ్యో మనిషి

మానవ హక్కుల సంఘం వార్షిక సభలో భోజనాల వేళ. పళ్ళెంలో ఉప్పుచేప చల్లారిపోతున్నా పట్టించుకోకుండా దియొలిందా బల్లబల్లకీ తిరుగుతోంది. ఒక్కొక్కరి భుజమ్మీదా చెయ్యి వేసి అదే మాట చెబుతోంది.

"నాలుగున్నర రైలు ఇవాళ్టికి వదిలెయ్యండి బాబూ. ఆరున్నరకి బస్సుంది, కనుక్కున్నాను. ఓటు పడేదాకా కదలకండి."

"ఉంటాంలే అక్కా, నువ్వు ముందు ఆ చేప తిను," అన్నాడు గ్వార్దా ఊరి ఫౌస్తు, నోటినిండా రొట్టెతో.

ఆమె తినలేదు. డెబ్బై ఒక్కేళ్ళ పొట్టి మనిషి. ఉన్ని మిల్లులో ముప్ఫై ఎనిమిదేళ్ళు గుడ్డలో తెగిన పోగులు వెతికి సూదితో కలిపీ కలిపీ చూపుడు వేలు పక్కకి వంగిపోయింది. ఆ వంకర వేలితోనే కలం పట్టి, కొవిల్యా ఊళ్ళో మరో నలుగురితో కలిసి, దూరదేశపు జైల్లో ఉన్న ఒక బడిపంతులుకి పద్నాలుగేళ్ళు నెలనెలా ఉత్తరం రాసింది. మానవ హక్కుల సంఘంలో ఆమె చేసిందల్లా అదే. జవాబు ఎన్నడూ రాలేదు, వస్తుందని ఎవరూ అనుకోనూ లేదు. చెర్రీలు పూశాయని, నిన్ను మరిచిపోలేదని రాసేది.

ఆ పంతులు జైల్లోనే చనిపోయాడని లిస్బన్ ఆఫీసుకి ఎప్పుడో తెలుసట. ఫైలు మూసేశారు. కొవిల్యాకి చెప్పాలని మాత్రం ఏ మహానుభావుడికీ తోచలేదు. పోయిన మనిషికి చెర్రీపూల కబుర్లతో ఇరవై ఆరు ఉత్తరాలు రాసింది వెర్రిబాగుల్ది! ఆ సిగ్గూ ఆ దుఃఖమూ ఆమెకింకా తగ్గలేదు. అందుకే సభలో ఆమె పెట్టిన ఈ తీర్మానం: ఖైదీ గురించి ఏ కబురు తెలిసినా వారంలోగా ఉత్తరాలు రాసేవాళ్ళకి చెప్పాలి.

ఇందులో కాదనడానికేముంది? ఎవరూ కాదనరు కూడా. సభ్యుల తీర్మానాలు చిట్టచివర పెడతారు, అంతే. ముందు డైరెక్టరుగారు తెర మీద బొమ్మలు చూపించాలి, తరవాత ప్రశ్నలు, ఆ తరవాత కాఫీ. ఈలోగా కొండప్రాంతాల వాళ్ళు రైలుకి లేచిపోతారు. అరవైమంది లేకపోతే కోరం లేదంటారు. మూడేళ్ళుగా ఇదే తంతు.

నాలుగయింది. బొమ్మలూ, ప్రశ్నలూ, కాఫీ ఇప్పుడే అయిపోయాయి. ఫౌస్తు చప్పుడు కాకుండా కోటు తొడుక్కుని తలుపు దాటాడు. దియొలిందా గబగబా తలలు లెక్కపెట్టింది. యాభై తొమ్మిది! మోకాళ్ళ నొప్పి మరిచి మెట్లు దిగి పరిగెత్తింది.

ట్రాము ఆగేచోట దొరికాడు. "సిగ్గులేదట్రా ఫౌస్తూ? ఇందాక ఏమన్నావు?"

"ఇప్పుడే ఫోనొచ్చిందక్కా. అమ్మ మంచమ్మీంచి పడిపోయిందట. పక్కింటావిడ ఒక్కతే లేపలేకపోతోంది."

ఆమె పక్కకి తప్పుకుంది. "పో నాయనా, పో," అంది.

తిరిగొచ్చేసరికి అధ్యక్షుడు డాక్టర్ వాజ్ కాగితాలు సర్దుకుంటున్నాడు. "ఇప్పుడే లెక్కపెట్టాం దియొలిందాగారూ. యాభై తొమ్మిది. ఒక్కరు తక్కువ."

"నేనున్నానుగా!"

"లెక్కపెట్టినప్పుడు లేరు కదమ్మా. లెక్క ఒక్కసారే, నిబంధన అది. వచ్చే ఏడు చూద్దాం."

ఆమె ఊరివాడే, మంగలి పని మానేసిన ముసలి ఎర్మీనియు, తల బాదుకున్నాడు. "నిన్ను నువ్వు లెక్కేసుకోలేదటే పిచ్చిమొహమా! సరిగ్గా అరవైమందిమి ఉన్నాం. నువ్వు కుర్చీలో కూర్చుని ఉంటే సరిపోయేది!"

ఆమె ఏడవలేదు. కుర్చీలు ఒకదానిమీదొకటి పేరుస్తుంటే తనది వదలకుండా కాసేపు కూర్చుంది. తప్పు తనదే. కానీ వచ్చే ఏడూ రైలు నాలుగున్నరకే, తీర్మానాలు చివరికే. ఇంకో ఏడాది ఓపిక పట్టే శక్తి ఆమెలో లేదు. సంచీలోంచి తెల్లకాగితం తీసి, ఖైదీకి రాసినంత పొందికగా నాలుగు వాక్యాలు రాసింది. నాలుగోదాంట్లో సంఘంలోంచి తన పేరు తీసెయ్యమంది. గుమ్మం దగ్గర బల్ల ముందున్న అమ్మాయి చేతికిచ్చింది.

"రాజీనామాకి వెబ్‌సైట్లో ఫారం ఉంటుందండీ," అంది ఆ అమ్మాయి మర్యాదగానే.

"నాకు ఉత్తరం రాయడమొక్కటే వచ్చు తల్లీ."

ఎర్మీనియు చెయ్యి పట్టుకుని బస్సుకి వెళ్ళిపోయింది. రేపు ఎవరికైనా ఇద్దామనుకుని అమ్మాయి ఆ కాగితాన్ని బల్ల మీదే ఉంచింది. దాని మీద పెట్టిన కాఫీ కప్పు తీసి తనూ ఇంటికి బయల్దేరేసరికి, నాలుగో వాక్యం మీద గుండ్రటి మరక ఇంకా తడిగానే ఉంది.