పదహారు అంగుళాల మెట్టు

ఇరవై అయిదు పాయింట్ నాలుగుతో భాగించి, వచ్చిన అంకెను పెన్సిలుతో రాసి, యోగానంద్ మళ్లీ కిటికీలోంచి చూశాడు. ఎదుటి బల్ల దగ్గరి కొరియా అతను, పాక్‌ను తీసుకుపోయే టాక్సీ ఇంకా రాలేదు. మూడింటికి వస్తుందన్నారు.

ఎనభై రెండు డిసెంబరు. అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న నోవైలో మోకాలి దాకా మంచు. సొరాక్ మోటార్స్ అనే కొరియా కంపెనీ బస్సులను తెప్పించి అమ్మే చిన్న ఆఫీసు అది. వాళ్ల మిల్లీమీటర్లను అంగుళాల్లోకి మార్చడం, వాళ్ల కేటలాగు ఇంగ్లీషును సాపు చేయడం యోగానంద్ పని. యాభై ఆరేళ్లు, బట్టతల, మోచేతుల దగ్గర అరిగిన స్వెటరు. నోట్లో నాలుక లేని మనిషని అందరూ మెచ్చుకునేవాళ్లు.

బల్ల మీద కొత్త కేటలాగు ఉంది. సిటీ బస్సు, వెనకాల ఇంజనున్న హైవే బస్సు, పాతిక సీట్ల చిన్న బస్సు. మొదటి పేజీలో కంపెనీ చరిత్ర: యుద్ధం అయ్యాక సైన్యం పారేసిన ట్రక్కుల మీద, నూనె డ్రమ్ముల రేకు సాగగొట్టి తొలి బస్సు కట్టారట. ఆ రేకు కొట్టినవాళ్లలో పాక్ వాళ్ల నాన్న ఒకడు. ఆ సంగతి కేటలాగులో లేదు. నాలుగేళ్లుగా ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న పాకే చెప్పాడు.

పాక్‌ను ఫ్యాక్టరీవాళ్లు వెనక్కి పిలిచారు. సన్మానం చేయడానికి అనుకునేరు! ఉద్యోగం ఊడబెరకడానికి.

పాక్, యోగానంద్ ఇద్దరి భాషల్లోనూ ఉన్న మాట ఒకటే, ‘ఊఁ’. పాక్ భాషలో దాదాపు అలాగే మూలిగితే సరేనని అర్థం. “మావాళ్లు కథ వింటూ కూడా ఊఁ కొడతారయ్యా. సరేనని కాదు, వింటున్నామని” అని యోగానంద్ తన ఇంగ్లీషులో చెబితే, మొదటి ఏడాది ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

పోయిన ఆగస్టులో పాక్ ఒక డ్రాయింగు పట్టుకొచ్చాడు. బస్సు మొదటి మెట్టు ఎత్తు పదహారు అంగుళాలు, ఫ్యాక్టరీకి పంపించనా, అని అడిగాడు. కొనేది ముసలివాళ్లను ఆస్పత్రులకు తిప్పే సంస్థ. పద్నాలుగు దాటకూడదని కాగితం మీద రాసిచ్చింది, ఆ కాగితం యోగానంద్ సొరుగులోనే ఉంది. అతను తలెత్తలేదు. “ఊఁ” అన్నాడు. నలభై బస్సులు ఓడ దిగాయి. వాళ్లు ఒక్కటీ తీసుకోలేదు.

పోయిన సోమవారం బాస్ డోనోవన్ ఇద్దరినీ నిలబెట్టి, ఆ డ్రాయింగుకు సరేనన్నదెవరని అడిగాడు. “ఐ వాజ్ ఓన్లీ లిజనింగ్” అన్నాడు యోగానంద్. పచ్చి అబద్ధం. ఆ రోజు అతను పంపించమనే అన్నాడు, చూడకుండా అన్నాడు. పాక్ పక్కనే నిలబడి నేల చూశాడు. నాలుగు రోజులుగా యోగానంద్‌ది తేలు కుట్టిన దొంగ బతుకు. అన్నం సయించడం లేదు.

పన్నెండింటికి భార్య లీల ఫోన్ చేసింది.

“ఏమండీ, బాస్‌తో చెప్పేశారా?”

“చెప్తా లీలా. మూడింటిలోపల చెప్తా.”

“మండే నుంచీ ఇదే పాట! జాబ్ పోతే పోనీండి. నేను హాస్పిటల్‌లో ఫుల్‌టైమ్ చేస్తాను. ఆ అబ్బాయి ఉసురు మనకొద్దు.”

డెట్రాయిట్ చుట్టూ ఫ్యాక్టరీలు మూతబడుతున్న రోజులు. ఈ వయసులో బయటికి పోతే మళ్లీ ఎవడు పిలుస్తాడు? అయినా లేచాడు. డోనోవన్ గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాడు. రెండోసారి ఆయనే చూశాడు.

“వాట్ ఈజ్ ఇట్, యోగీ?”

కేటలాగులో సీట్లను బ్లూ అని రాయాలా, నేవీ బ్లూ అని రాయాలా అని అడిగి వచ్చాడు. ఛీ, వెధవ బతుకు, అని తనను తానే తిట్టుకున్నాడు.

మూడుకు అయిదు నిమిషాలుండగా టాక్సీ వచ్చింది. పాక్ కోటు వేసుకుని, పెట్టె తలుపు దగ్గర పెట్టి, యోగానంద్ బల్ల దగ్గరికి వచ్చాడు. రెండు చేతులతో అతని చేయి పట్టుకున్నాడు.

“యోగా, ఆ రోజు నువ్వు వింటున్నావు. అంతేనా?” అన్నాడు ఇంగ్లీషులోనే, మెల్లిగా.

దారి ఇస్తున్నాడో, నిజం చెప్పమని ఆఖరిసారి అడుగుతున్నాడో యోగానంద్‌కు తెలియలేదు. డోనోవన్ తలుపు తెరిచే ఉంది. పది అడుగుల దూరం. నిజం గొంతు దాకా వచ్చింది.

“ఊఁ” అన్నాడు.

పాక్ చేయి వదిలాడు. నడుము దాకా వంగి దణ్ణం పెట్టి, పెట్టె తీసుకుని మంచులోకి వెళ్లిపోయాడు. టాక్సీ మలుపు తిరిగేదాకా యోగానంద్ నిలబడే ఉన్నాడు. సిగ్గుతో ఒళ్లంతా కాలిపోతోంది. ఇప్పుడు పరుగెత్తినా అందదని తెలిశాక, పరుగెత్తాలనిపించింది.

డోనోవన్ బయటికొచ్చి, ఆ బల్ల సర్దేయమని చెప్పి వెళ్లాడు. సర్దడానికి ఏముంది, సొరుగులన్నీ పాకే తుడిచి పెట్టాడు. బల్ల కింద మాత్రం, తడి బూట్లు విప్పి ఆఫీసులో తొడుక్కునే అతని రబ్బరు చెప్పులు, తెగిన పట్టీకి తీగ చుట్టినవి, జతగా, వేళ్లవైపు బయటికి తిప్పి ఉన్నాయి.