దండెం మీద కాలిన దుప్పట్లు

నాకు ముక్కు మీద కోపం అంటారు. ఉంటే ఉందిలెండి. ఆరు ఇస్త్రీ పెట్టెల వేడిలో పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా నిలబడేదానికి కోపం ముక్కు మీద కాక ఇంకెక్కడుంటుంది? మా తమ్ముడి సంగతి మాత్రం కోపం లేకుండా చెబుదామని కూర్చున్నాను. ఎంతవరకు కుదురుతుందో చూద్దాం.

వాడు ఒకప్పుడు రాక్ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించేవాడు. పాడేవాణ్ణి జనం నెత్తిన పెట్టుకుంటారు, డ్రమ్ములు కొట్టేవాణ్ణి చూసి గంతులేస్తారు, నాలుగు లావు తీగలు మీటుతూ వెనక నిలబడేవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. వాడు చెయ్యి ఆపితే మాత్రం పాట కాళ్ల కింద నేల లాగేసినట్టు కూలబడుతుంది. పదకొండేళ్లు అలా వెనక నిలబడ్డాడు. తాగడం అక్కడే నేర్చుకున్నాడు, కుడి చెవి అక్కడే పోగొట్టుకున్నాడు.

చివరికి ఒక పెద్ద కచేరీలో అందరి ముందూ అభాసుపాలయ్యాడు. పాట అయిపోయింది, అందరూ వాయించడం ఆపేశారు, వీడు ఆపలేదు. పాటగాడు చెయ్యి ఊపినా, డ్రమ్ములవాడు లేచి వెళ్లిపోయినా, ఒక్కడే తల వంచుకుని నాలుగు నిమిషాలు వాయిస్తూనే ఉన్నాడు. జనం పగలబడి నవ్వారు. ఆ వీడియో చూడనివాళ్లు లేరు. తాగి ఒళ్లు తెలీలేదని కొందరు, చెవిటివాడికి పాట ఆగిన సంగతి ఎలా తెలుస్తుందని కొందరు. మర్నాడే బ్యాండ్‌లోంచి గెంటేశారు.

నేను చేసిందేమిటంటే, అందరి దగ్గరికీ వెళ్లి వాడి తరఫున క్షమించమని అడగడం. పాటగాడింటికి వెళ్లాను, కచేరీ పెట్టినవాళ్ల ఆఫీసుకు వెళ్లాను. తాగి ఉన్నాడండీ, వినపడదండీ, మనసులో పెట్టుకోకండీ అని ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగాను. ఆ తర్వాత రెండేళ్లు వాడు తాగని రోజు లేదు. ఒకసారి ఆసుపత్రి నుంచి కట్టుబట్టలతో ఇంటికి తెచ్చుకున్నాను, చెప్పులు కూడా ఎక్కడో పోయాయి. ఇక ఇంట్లో వదిలితే లాభం లేదని నా లాండ్రీకి తీసుకొచ్చి ఇస్త్రీ బల్ల ముందు నిలబెట్టాను.

మొదటి వారంలోనే దుప్పటి కాల్చాడు. నేను తిట్టడానికి నోరు తెరిచేలోపు, వాడు ఆ కాలిన మచ్చను కిటికీ వెలుగులోకి ఎత్తి చూస్తున్నాడు. మచ్చ పక్కన పెట్టె మొనతో ఇంకో చిన్న మచ్చ పెట్టాడు, దాని కింద ఒక గీత లాగాడు. చూస్తుండగానే ఒక ముసలామె ముఖం వచ్చింది. మా దగ్గర ఇరవై ఏళ్లుగా ఇస్త్రీ చేస్తున్న పిన్ని అది చూసి, తన ముఖమే అని బుగ్గలు నొక్కుకుంది. అందరం ఆమెను పిన్ని అనే పిలుస్తాం, ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు.

అదీ వాడి బొమ్మల మొదలు. రంగు లేదు, కుంచె లేదు. పెట్టె మొనతో సన్నగీత, అంచుతో లావుగీత, అడుగంతా ఆనిస్తే నీడ. ఎంతసేపు ఆనిస్తే ఎంత నలుపు వస్తుందో లోలోపల తాళం లెక్కపెట్టుకుంటాడు, పెదాలు కదులుతూనే ఉంటాయి. రెండు లెక్కలకు తేనె రంగు, ఐదుకు గోధుమ, ఎనిమిది దాటితే గుడ్డకు చిల్లు. బొమ్మ అయ్యాక మేడ మీద దండెం మీద ఆరేస్తాడు. మా మేడ ఎదురుగా రైలు వంతెన ఉంది, అక్కడ రైళ్లు నెమ్మదిగా పోతాయి. ఉతికిన దుప్పట్ల మధ్య మనుషుల వీపులు, గుప్పిళ్లు, నోళ్లు తెరిచిన ముఖాలు ఆరుతుంటే రైల్లోవాళ్లు ఫోన్లు పైకెత్తి ఫోటోలు తీసుకునేవారు. సంతకం పెట్టడు, పేరు చెప్పడు, ఎవరినీ మెట్లెక్కనివ్వడు. ఎవరివి ఈ బొమ్మలు అని ఊళ్లో పెద్ద చర్చ. నాకు ఆ చర్చలతో పని లేదు. వాడు సీసా ముట్టి ఏడేళ్లయింది, నాకు అది చాలు. ఈ పని ఆగితే మళ్లీ సీసా పట్టుకుంటాడన్న భయం మాత్రం రోజూ ఉండేది.

తప్పు నా వల్ల జరిగింది. మా పనిలో ఒక పద్ధతి ఉంది. ప్రతి దుప్పటి మూలన, అది ఎవరిదో తెలియడానికి ఎర్ర దారంతో గుర్తు కుడతాం. చిరిగిపోయి పనికిరాదని హోటలువాళ్లు వదిలేసినప్పుడు ఆ దారం విప్పేస్తాం. గుర్తు ఉంటే వాళ్లది, గుర్తు పోతే మాది. ఆ విప్పే పని ఎవరికీ ఇవ్వను, నేనే చేస్తాను. ఒక రోజు హడావిడిలో ఒక దుప్పటికి మర్చిపోయాను. తమ్ముడు దాని మీద బొమ్మ కాల్చాడు, ఎవరో ఫోటో తీశారు, ఫోటోలో హోటలు గుర్తు ఎర్రగా కొట్టొచ్చినట్టు కనిపించింది.

ఆ గుర్తు పట్టుకుని, బొమ్మలు కాల్చేది ఎవరో ఆరా తీసి, వారం తిరక్కుండా హోటలు మేనేజరు దిగాడు. మా పనిలో సగం ఆ హోటలుదే, ఆ సగం పోతే నలుగురు ఆడవాళ్లను ఇంటికి పంపించాలి. ఆయన మాత్రం తిట్టలేదు, కుర్చీ లాక్కుని కూర్చుని తియ్యగా మాట్లాడాడు. ఆ బొమ్మలన్నీ హోటలు హాల్లో పెడతారట. పాత బ్యాండు పాటగాడు వచ్చి పాడతాడట. తమ్ముడు పక్కన గిటారు పట్టుకుని నిలబడితే చాలట, వాయించనక్కర్లేదు, బేస్ ముందే రికార్డు చేసి పెడతారు. గోడ మీద ఆ నాలుగు నిమిషాల వీడియో ఆడుతుంటుంది, పడిపోయి లేచిన మనిషి అని కింద రాస్తారు. ఒప్పుకుంటే పని మాకే ఉంటుంది, లేకపోతే వేరే లాండ్రీలు లేకపోలేదని నవ్వుతూనే చెప్పాడు.

నేను సరేనన్నాను. వాణ్ణి అడగకుండానే తల ఊపేశాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు సంతోషం కూడా వేసింది. అందరూ వాణ్ణి క్షమించేశారని అనుకున్నాను.

సాయంత్రం మేడ మీద దుప్పట్లు మడతపెడుతూ వాడికి చెప్పాను. రెండో కొస వాడు పట్టుకున్నాడు. చెప్పడం అయ్యేసరికి కొస వదిలేశాడు.

“అక్కా, నా ఎడమ చెవి బాగానే పనిచేస్తుంది. పాట ఆగిపోయిందని నాకు తెలుసు.”

నాకు అర్థం కాలేదు. మరి ఎందుకు ఆపలేదని అడిగాను.

“ఆ పాట నేను కట్టింది. చివర నాలుగు నిమిషాలు బేస్ ఒక్కటే ఉంటుంది. జనానికి విసుగొస్తుందని, స్టేజీ ఎక్కబోయే ముందు మా పాటగాడు అది తీసేశాడు. నేను కట్టింది నేను వాయించాను.”

“తాగి ఉన్నావు కదరా.”

“తాగే ఉన్నాను. లెక్క మాత్రం తప్పలేదు.”

తొమ్మిదేళ్లు ఈ మాట కడుపులో ఎందుకు దాచుకున్నావురా అని వాడి మీదే విరుచుకుపడ్డాను. వాడు నా వంక చూసి మెల్లగా అన్నాడు.

“నువ్వు అడిగితేగా. నేను కళ్లు తెరిచేసరికే నువ్వు అందరికీ క్షమాపణలు చెప్పేసి వచ్చావు.”

ఎవరైనా చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. వాడు దిగి వెళ్లిపోయాడు. నేను ఆ మేడ మీద కూర్చుని ఏడ్చాను. ఎక్కిన గుమ్మాలన్నీ గుర్తొచ్చాయి. ఒక్కో గుమ్మంలో నేనే వాణ్ణి తాగుబోతనీ చెవిటివాడనీ చెప్పి వచ్చాను. లోకం నవ్వింది ఒక్క రోజు, నేను మాత్రం తొమ్మిదేళ్లు లోకం పక్షాన నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్నే పెట్టెలు వేడెక్కకముందే ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. హోటలు పని పోతుంది, కొన్నాళ్లు ఇబ్బంది పడతాం, మీకు కుదరదంటే ఇప్పుడే చెప్పండి అన్నాను. ఇద్దరు ముఖముఖాలు చూసుకున్నారు. ఒకమ్మాయి నీళ్లు నమిలింది, ఇంటి బాధలు ఏకరువు పెట్టింది. తప్పుపట్టను, వాళ్ల పొయ్యి వాళ్లది. పిన్ని మాత్రం పెట్టె మీద తడిచెయ్యి వేసి వేడి చూస్తూ, ఊళ్లో మాసిన గుడ్డలు ఆ హోటలు దగ్గర తప్ప ఇంకెక్కడా లేవా ఏమిటి అంది. ఆ మాటతో మిగతావాళ్లు కూడా లేచి పనిలో పడ్డారు.

బొమ్మలు తీసుకుపోవడానికి మేనేజరు వ్యాన్ వేసుకుని వచ్చాడు, వెంట పాటగాడు. జుట్టుకు రంగేసుకున్నాడు, పొట్ట వచ్చింది. తమ్ముడు లోపల బల్ల దగ్గర పని చేసుకుంటున్నాడు, తల ఎత్తలేదు. పాటగాడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

“పాతవన్నీ మర్చిపోదాం అక్కా. వాడి తప్పు నేనెప్పుడో క్షమించేశాను.”

నేను చేతులు వెనక్కి లాక్కున్నాను.

“తప్పు వాడిది కాదు. నువ్వు పాట సగంలో ఆపావు. వాడు పూర్తి చేశాడు. అప్పుడు నీ ఇంటికొచ్చి చెప్పిన క్షమాపణ నేను వెనక్కి తీసుకుంటున్నాను.”

పాటగాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. మేనేజరు మధ్యలో దూరి, ఆ దుప్పట్లు హోటలువనీ, ఒకదాని మీద గుర్తు ఇంకా ఉందనీ గొంతు పెంచాడు. ఆ ఒక్క దుప్పటీ మడతపెట్టి ముందే ఉంచాను. అది ఆయన చేతిలో పెట్టి, గుర్తున్నది మీది, మర్చిపోవడం నా తప్పు, తీసుకెళ్లండి అన్నాను. మిగతావి మావి. ఆయన గుడ్లురిమి చూశాడు. నేనూ చూశాను, నాకేం కళ్లు లేవా? మా దగ్గరున్న హోటలు గుడ్డలు మాసినవి, ఉతికినవి, ఇస్త్రీ అయినవి అన్నీ వ్యాన్‌లోకి ఎక్కించి పంపేశాం. చివరి దిండు గలీబు దాకా మడత చెదరకుండా చేసి మరీ ఇచ్చింది పిన్ని. పని విషయంలో మాట పడడం ఆమెకు గిట్టదు.

ధైర్యం వ్యాన్ మలుపు తిరిగేదాకానే ఉంది. రేపటి నుంచి ఏం చేస్తానో తెలియక మేడ ఎక్కి చూస్తే, సగం దండేలు బోడిగా ఉన్నాయి. వెనకే తమ్ముడు వచ్చాడు. రెండు చేతుల నిండా దుప్పట్లు, ఎప్పుడు కాల్చాడో నాకు తెలియనివి కూడా ఉన్నాయి. ఖాళీ దండేల మీద వరసగా పరిచాడు. నేను క్లిప్పులు అందించాను. ఒకసారి మాత్రం నా భుజం మీద చెయ్యి వేసి తీశాడు.

అప్పుడే వంతెన మీద రైలు వచ్చి సిగ్నలు పడక ఆగింది. కిటికీల నిండా ముఖాలు. మా వైపు కిటికీలో ఒక పెద్దావిడ చువ్వలు పట్టుకుని, ఎవరమ్మా ఇవి చేసింది అని కేకేసింది. అలవాటుగా నా నోట్లోకి తెలీదన్న మాట వచ్చేసింది. దాన్ని మింగేసి తమ్ముడి వంక చూశాను. వాడు క్లిప్పు నోట్లో పెట్టుకుని నా జవాబు కోసం ఆగి ఉన్నాడు.

“మా తమ్ముడు,” అన్నాను.

ఆవిడకు వినపడలేదు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. నేను పిట్టగోడ దాకా వెళ్లి, రైలంతా వినేలా మళ్లీ చెప్పాను.