కొండ చాటు నెలవంక

రాక్కమ్మాళ్ కుడికంటికి శుక్లం తీసి ఆ మంగళవారానికి ఆరు వారాలైంది. చుక్కల మందు వేయడం కూడా ముందురోజే ఆపేశారు. బ్యాండేజీ గుడ్డ నేసే కంపెనీలో పందొమ్మిదేళ్లుగా ఆమెది ఒకటే పని. కింద దీపం వెలిగే బల్ల మీద గుడ్డను లాగుతూ, తెగిన పోగు ఎక్కడుందో కనిపెట్టాలి. ఆ పోగులు కంటికి ఆనడం మానేశాకే ఆమె ఆసుపత్రికి వెళ్లడానికి ఒప్పుకుంది. ఎడమకన్ను వచ్చే నెల చేద్దామన్నాడు డాక్టరు.

"ఈ కన్ను తేరితేనే ఆ కన్ను" అని కూతురు సత్యకు ముందే తెగేసి చెప్పింది.

తేరిందో లేదో తేల్చుకోవడానికి ఆమెకు డాక్టరు గోడమీది అక్షరాలు చాలవు. చోళపురంలో చిన్నప్పుడు, అమావాస్య పోయిన మూడోనాడు నాన్న ఆమెనూ అక్క పుష్పాన్నీ పత్తిచేను గట్టుమీద నిలబెట్టి నెలవంక చూపించేవాడు. వాళ్లింటి మాటలో అది 'మూడో పిర'. పిర చూసిన కంటికి చీకు రాదని ఆయన నమ్మకం. పుష్పాన్ని ఆ ఊళ్లోనే ఇచ్చారు. ఫోన్లు వచ్చినప్పటినుంచీ నెలనెలా ముందు చూసినవాళ్లు రెండోవాళ్లకు ఫోను చేయడం అక్కాచెల్లెళ్లకు అలవాటు. కిందటి ఏడాదంతా రాక్కమ్మాళ్‌కు ఏమీ కనబడలేదు. "నీకూ కలిపి నేనే దండం పెట్టినాలే" అనేది పుష్పం.

ఇవాళ ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. రాజపాళయం పడమటి కొసన, కొండ దారిలో ఈ ఇంటికి మారి నాలుగు నెలలైంది. ఆరింటికే మిద్దె ఎక్కి ఎడమకన్ను చేత్తో మూసుకుని నిలబడింది. వాళ్లు 'మల' అని పిలిచే ఆ కొండ అంచు గీత గీసినట్టు తేటగా ఉంది. అంచుమీద చెట్లు కూడా విడివిడిగా తెలుస్తున్నాయి. నెలవంక మాత్రం లేదు. ఆరూ ఇరవై అయింది, ఆరున్నర అయింది. మెడ పట్టేసింది.

ఫోను మోగింది.

"రాక్కూ, చూసినావా? గోరు కత్తిరించి పారేసినట్టు ఎంత చక్కగా ఉండాదే!" పుష్పం గొంతులో సంబరం.

"ఏడ?"

"ఏడ అంటావేమే? మల మీదనే. మబ్బు లేదు కదా, నీకు ఎదురుగానే ఉంటుంది."

రాక్కమ్మాళ్ మరోసారి కొండ అంచు వెంబడి చూపు తిప్పింది. "ఆ... చూసినా చూసినా" అని ఫోను పెట్టేసింది.

కిందికి దిగి, దీపం కూడా వేయకుండా అరుగుమీద కూలబడింది. కొంగు అంచులో పోగులు లెక్కపెట్టబోతే చీకట్లో అన్నీ కలిసిపోయాయి. అంటే ఆపరేషన్ తప్పిందా? దగ్గరివి కనబడి దూరానివి పోయాయా? కంపెనీలో తన బల్ల దగ్గర ఇంకెవరినో కూర్చోబెడతారు. రెండో కంటిని మళ్లీ ఎవరి చేతిలో పెట్టాలి?

మందుల షాపులో పని ముగించుకుని సత్య అప్పుడే వచ్చింది. చీకట్లో తల్లిని చూసి స్కూటరు దిగకుండానే కేకేసింది. "ఏమ్మా, ఏమైంది?"

రెండుసార్లు ఏమీ లేదంది. మూడోసారి అడిగేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. "పెద్దమ్మకు పిర కనిపించినాది సత్యా. నాకు కనిపించలే. కన్ను పోయినాది."

సత్య స్కూటరు దిగి గబగబా మిద్దె ఎక్కింది. కాసేపటికి మెట్ల మీదినుంచే అరిచింది. "నాకూ కనిపించలే!"

"నన్ను సముదాయించొద్దు."

"నీకోసరం అబద్ధం చెప్తానా? నాకు ఇరవయ్యారేళ్లు, నా కన్నుకేం రోగం?" కిందికి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. "అమ్మా, ఈ ఇంట్లో ఐదున్నరకే ఎండ పోతాది, చీరలు ఆరవు అని దినామూ తిట్టుకునేది ఎవరు?"

"నేనే. దానికేమి?"

"పెద్దమ్మ ఇంట్లో ఆరుంబావు దాకా ఎండ ఉంటాది. సూర్యుడు ఊరికొక టైముకి పోతాడా? మనం మల కాళ్ల కాడ ఉండాము, ఆమె దూరంగా ఉండాది. సూర్యుడ్ని అంత తొందరగా దాచిన మల పిరని మాత్రం వదిలిపెడ్తాదా? ఆకాశం చీకటి పడేలోపల మనకది మల వెనక్కి పోయినాది. అంతే. లే, ఎక్కు!"

"ఎక్కడికి?"

"చోళపురం రోడ్డుకి. ఆడ ఇంకా మునిగి ఉండదు."

కూతురి భుజం పట్టుకుని కూర్చుంది గానీ, దారి పొడుగునా ఆమె వెనక కొండ వైపు తిరిగి చూడలేదు. అక్కడా కనబడకపోతే? బజారు దాటారు, ఇళ్లు పలచబడ్డాయి. రెండు వైపులా పత్తిచేలు వచ్చాక సత్య బండి ఆపింది.

"ఇప్పుడు చూడమ్మా."

రాక్కమ్మాళ్ మెల్లగా తిరిగింది. ఇంటి దగ్గర సగం ఆకాశాన్ని మింగేసిన కొండ ఇక్కడ నేలకు అతుక్కుని ఉంది. అలవాటు కొద్దీ పైకి వెతికింది. ఏమీ లేదు. చూపు కొద్దిగా దించింది. కొండకు కాస్త ఎగువన, ఎర్రదనం పోయిన చోట, సన్నగా, తెల్లగా...

ఎడమకన్ను చేత్తో మూసుకుంది.

"కనిపించినాదా?"

"ఉండు."

"కొమ్ములు ఎట్ల ఉండాయో చెప్పు, నమ్ముతా."

"పైకి. పడవ మాదిరి పండుకొని ఉండాది. ఎడమ కొమ్ము రవ్వంత ఎత్తుగా ఉండాది." వేలెత్తి చూపించింది. "కొమ్ము మొన కూడా తెలుస్తాది సత్యా! మొన కూడా!"

చేతులు జోడించింది. కళ్లు నిండి నెలవంక రెండుగా చీలింది. తుడుచుకోబోతే సత్య చెయ్యి పట్టుకుంది. "కన్ను రుద్దొద్దు అన్నాడు కదా డాక్టరు!" ఆ మాటకు ఇద్దరికీ నవ్వొచ్చింది. రోడ్డు పక్కన నిలబడి, పోయే లారీవాళ్లు తిరిగి చూసేలా నవ్వారు. పది నిమిషాల్లో నెలవంక కొండ వెనక్కి జారిపోయింది. అది పోతుంటే రాక్కమ్మాళ్‌కు ఏమాత్రం బాధ కలగలేదు.

"ఎడమ కన్నుకి తేదీ రాయించు" అంది బండి ఎక్కుతూ.

తిరుగు దారిలో ఆమె నోరు ఆగలేదు. దుకాణాల బోర్డులన్నీ ఒకటొకటిగా పైకి చదవడం మొదలుపెట్టింది. టైర్ల షాపు, సైకిలు షాపు, పళ్ల డాక్టరు, డాక్టరు పేరు కింద చిన్న అక్షరాల్లో ఆయన చదువు, సెలవు రోజు. సత్య ఒకచోట బండి నెమ్మది చేసింది, తల్లి ఆ వరసంతా పూర్తి చేసేదాకా.