ముప్పైకి ముప్పై

నలభై రెండు కాగితాలు. నలభై రెండింటికీ ముప్పైకి ముప్పై మార్కులు.

భూగోళం ఎర్ర కలం మూత పెట్టి భోజనాల బల్ల మీద పడేసింది. అది దొర్లి దొర్లి కింద పడింది. వంగి తీయాలనిపించలేదు.

ఆమె అసలు పేరు భూగోళం కాదు. కాలేజీలో ఆ పాఠం చెబుతుంది, దాని మీదే పరిశోధన చేస్తోంది. అందుకని అత్తవారింట్లో ఆ పేరు పెట్టారు. మొదట్లో వేళాకోళం. తర్వాత అలవాటు. ఇప్పుడు పాలు పోసే మనిషి కూడా భూగోళంగారిల్లు అనే అంటాడు.

పరిశోధన పెద్ద చిక్కుదేమీ కాదు. ఏటి ఒడ్డున పల్లపు వీధులున్నాయి. వాన ముదిరితే నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. అక్కడి బడి పిల్లలకు వరద గురించి, ఒడ్డు మీది చెట్ల గురించి, కాలవలో చెత్త గురించి ఏపాటి తెలుసో ముందొక పరీక్ష పెట్టి చూడాలి. తర్వాత పది పాఠాలు చెప్పాలి. మళ్లీ అదే పరీక్ష పెట్టాలి. ముందు ఎంత, తర్వాత ఎంత, మధ్యలో తేడా ఎంత. ఆ తేడాయే ఆమె పరిశోధన. నాలుగేళ్ల చాకిరీ, రెండుసార్లు బతిమాలి తెచ్చుకున్న గడువు, అన్నీ ఆ తేడాను పట్టుకుని వేలాడుతున్నాయి. ఈ నెలాఖరుకి లెక్క చూపించకపోతే మూడో గడువు ఇవ్వరు. మెరక మీది బడిలో పని ముగిసింది. మిగిలింది పల్లపు బడి ఒక్కటే.

ఆ ఒక్క బడిలోనూ మొదటి పరీక్షకే ముప్పైకి ముప్పై వచ్చాయి. ఇక పెరగడానికి చోటేదీ.

పన్నెండో ప్రశ్న మళ్లీ చూసింది. వరద హెచ్చరిక వినగానే మీరేం చేస్తారు? నలభై రెండు కాగితాల్లోనూ ఒకటే వాక్యం. "మేము భయాందోళనలకు లోనుగాక క్రమశిక్షణతో ఎత్తైన సురక్షిత ప్రదేశమునకు చేరుకొందుము."

చేరుకొందుము. పద్నాలుగేళ్ల పిల్లలు రాసే మాటేనా అది. ఈ చుట్టుపక్కల అలా మాట్లాడే మనిషి ఒక్కరే ఉన్నారు. మొగుడికి అక్క, తనకు వదిన, పల్లపు బడికి పెద్ద టీచరమ్మ.

మొగుడు అటుగా వచ్చి కాగితాలు చూశాడు. "అందరూ పాసయ్యారుగా. మరా మొహమేంటి?"

"పిల్లలు కాదు పాసయింది, మీ అక్క."

అతను అప్పుడే చదివేసిన పేపరు మళ్లీ తెరిచాడు. "నన్ను మధ్యలోకి లాగకు. మీరూ మీరూ చూసుకోండి."

పెళ్లయిన పదకొండేళ్లలో అతను అక్క విషయంలో ఇంతకన్నా పెద్ద మాట మాట్లాడింది లేదు.

మర్నాడు బుధవారం. భూగోళం బడికి వెళ్లేసరికి వదిన తన గదిలో హాజరు పట్టీలు చూసుకుంటోంది. ఆమె కుర్చీ వెనక గోడకు కరెంటు గంట బొత్తాం ఉంటుంది. అది నొక్కే హక్కు ఆమెకొక్కదానికే.

"వదినా, పిల్లలకు ప్రశ్నలు ముందే చెప్పారా?"

"చెప్పకపోతే ఎలా రాస్తారు?" వదిన తలెత్తలేదు. "శుక్రవారం కాగితాలు నా బల్ల మీద పెట్టి వెళ్లావు. శని, ఆదివారాలు పిలిపించి బట్టీ పట్టించాను. ఆదివారం కూడా. నా నడుం పడిపోయింది. బాగుందని ఒక్క ముక్క రాలేదు నీ నోట."

"రానిది రానట్టే ఉండాలి వదినా. నాక్కావలసింది అదే."

"మెరక బడివాళ్లకు ఎంతొచ్చాయి?"

"సగటున పదకొండు."

"పదకొండు." వదిన ఆ అంకెను మిఠాయిలా నోట్లో చప్పరించింది. "రేపు నీ పుస్తకం అచ్చవుతుంది. అందులో మా బడి పేరు పక్కన పదో, పన్నెండో ఉంటే నేను తలెక్కడ పెట్టుకోను?"

"బడి పేరు రాయం వదినా. బడి రెండు అని రాస్తాం."

"రెండేంటి? వాళ్లు ఒకటా?"

చెవిటివాడి ముందు శంఖం ఊదితే కనీసం ఊదినవాడికైనా వినిపిస్తుంది. భూగోళం కూర్చుని మొదటినుంచీ చెప్పుకొచ్చింది. ముందు తక్కువ రావాలి, తర్వాత ఎక్కువ రావాలి, అప్పుడే పాఠం పనిచేసిందని తేలుతుంది. వదిన కళ్లజోడు తీసి ఓపిగ్గా విన్నది.

"అంటే నీకు సున్నాలు కావాలి. ఆ మాట ముందే చెప్పొచ్చుగా. రేపు మళ్లీ పెట్టు, అందరి చేతా తప్పులు రాయిస్తాను. నా పిల్లలు తప్పులైనా సరే ఒక్కలాగే రాస్తారు."

భూగోళానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"పోనీ, పది పాఠాలు చెప్పుకోనివ్వండి."

"ఇంకా పాఠాలెందుకు? అన్నీ వచ్చేశాయిగా. ఆ పీరియడ్లు లెక్కల మాస్టారికి ఇచ్చేశాను."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. భూగోళం లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. కిటికీ కింద మురుగుకాలవ. తొమ్మిదో తరగతి లీడరు పొడుగుపిల్ల బిస్కెట్లు తింటూ అక్కడ నిలబడి ఉంది. తినడం అయ్యాక కాగితం నలిపి కాలవలో వేసింది.

"ఇలా రా అమ్మా. ఆరో ప్రశ్నకు జవాబేం రాశావు?"

పొడుగుపిల్ల చేతులు కట్టుకుంది. "మురుగు కాలువలలో వ్యర్థములను వేయరాదు టీచర్."

"ఇప్పుడు నువ్వు వేసిందేంటి?"

"బిస్కెట్ కాగితం టీచర్."

"అది వ్యర్థం కాదా?"

ఆ పిల్ల నిజంగానే ఆలోచించింది. "అది ప్రశ్నల్లో లేదు టీచర్."

భూగోళం వదినవైపు తిరిగింది. "ఒక్కసారి వరద హెచ్చరిక అని చెప్పి గంట కొట్టండి. పన్నెండో ప్రశ్న ఎంత బాగా వచ్చిందో చూద్దాం."

వదినకు కావలసింది కూడా అదే. తొమ్మిదో తరగతి గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుంది. "వరద హెచ్చరిక వచ్చింది. ఏం చేస్తారు?"

నలభై రెండు గొంతులు ఒకేసారి లేచాయి. ఎత్తైన సురక్షిత ప్రదేశమునకు చేరుకొందుము.

"చూశావా," అంది వదిన.

"సరే, చేరుకోమనండి మరి."

చేరుకోమంది. ఒక్కరూ కదల్లేదు. వదిన గదిలోకి వెళ్లి బొత్తాం నొక్కి పట్టుకుంది. గంట బారుగా మోగింది.

పిల్లలు సంచులు భుజాన వేసుకున్నారు. బిలబిలమంటూ ముందు గేటు దాటారు. ఎడమకు తిరిగారు. ఎడమకు పల్లపు వీధులు, వాటి చివర ఏరు. బారు గంట అంటే ఇల్లే. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ వాళ్లకు తెలిసిన గంట అదొక్కటే. నీళ్ల ట్యాంకు ఉన్న దిబ్బ బడికి సరిగ్గా వెనక ఉంది. వెనక గేటు దాటి, కలప కోసే దొడ్డి పక్కనుంచి పైకెక్కాలి. అటు తిరిగి చూసినవాడు లేడు. మిగతా తరగతులవాళ్లు కూడా గంట విని వాళ్ల వెనకే పడ్డారు.

భూగోళం చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తింది. ఆమె వెళ్లేసరికి సగంమంది ఇళ్లలో అన్నాల ముందు కూర్చున్నారు. ఏటి మెట్ల దగ్గర పొడుగుపిల్ల దొరికింది.

"ఎత్తైన ప్రదేశం ఎక్కడుందే?"

"అది చెప్పలేదు టీచర్. చేరుకొందుము వరకే చెప్పారు."

రొప్పుతూ వెనక్కి వస్తే వదిన గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "తిండి వేళప్పుడు గంట కొట్టిస్తే ఇంటికి పోక ఏం చేస్తారు? నీ గంటే తప్పు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. భూగోళం చెప్పులు వేసుకుని ఇంటికొచ్చింది.

సాయంత్రం గైడుకు ఫోన్ చేసింది. పరిశోధనకు దారి చూపే పెద్దాయన. జరిగిందంతా విని ఆయన తిట్టలేదు, సంబరపడ్డాడు.

"నోటికొచ్చింది కాలికి రాలేదు. బంగారం లాంటి విషయమమ్మా ఇది. కాగితాలు పక్కన పెట్టు. గడియారంతో కొలుద్దాం. మెరక బడిలో నువ్వు దిబ్బ ఎక్కించి చూసిన లెక్క ఉందిగా?"

"ఉందండి. మొదటిసారి తొమ్మిది నిమిషాలు, పాఠాలయ్యాక ఆరు."

"ఇక్కడా అదే చేద్దాం. సోమవారం నేనొస్తాను, ఇంకొకరిని తెస్తాను. సాక్షులు లేని లెక్క లెక్క కాదు, ఇవాళ్టిది పనికిరాదు. ఒక్కటి గుర్తుపెట్టుకో. సోమవారం వరకు ఆ బడిలో ఈ మాట పొక్కకూడదు. వాళ్లు ఒక్కసారి అలవాటు చేసుకున్నారా, పాఠాలకు ముందటి లెక్క పోతుంది. అది పోతే పరిశోధన పోయినట్టే."

భూగోళం ఆ పూట చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది.

గురువారం మధ్యాహ్నం వాన మొదలైంది. శుక్రవారం పొద్దుటికీ ఆగలేదు. ఎగువన ఇంకా గట్టిగా పడుతోందని రేడియో చెప్పింది. భూగోళం గొడుగేసుకుని ఏటిదాకా వెళ్లింది. బుధవారం పొడుగుపిల్ల నిలబడ్డ మెట్టు కనిపించలేదు. దాని పైది కూడా. పల్లపు వీధుల్లో మురుగుకాలవ చెత్తతో బిగుసుకుపోయి నీళ్లు రోడ్డెక్కుతున్నాయి. బడిలో తరగతులు జరుగుతూనే ఉన్నాయి. ఎక్కాలు వినిపిస్తున్నాయి.

అక్కడినుంచే ఫోన్ చేసింది. "ఏరు పెరుగుతోందండీ. ఈ పిల్లలకు దిబ్బ దారి తెలియదు."

"ఏరు ఏటేటా పెరుగుతుందమ్మా. నాలుగేళ్లు ఓపిక పట్టావు, మూడు రోజులు పట్టలేవా?"

ఆయన మాటలో అబద్ధం లేదు. ఏటేటా పెరుగుతుంది. చాలా ఏళ్లు మెట్లు ఎక్కి దిగిపోతుంది. ఆరేళ్లకో ఏడేళ్లకో ఒకసారి దిగదు. ఇది ఏ ఏడో ఆయనకూ తెలియదు, ఆమెకూ తెలియదు. నీళ్లు బడి వేళకొచ్చి ఎవరైనా బారు గంట కొట్టారంటే పిల్లలంతా నీళ్లకెదురే పోతారు. ఆ సంగతి మాత్రం ఆమె కళ్లారా చూసింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వీధి చివర గొడుగు కింద నిలబడి ఆమె గైడును తిట్టుకుంది, వదినను తిట్టుకుంది, ఈ చదువు చదవమన్న వాళ్లందరినీ తిట్టుకుంది. తర్వాత బడిలోకి నడిచింది.

దారిలోనే ఆలోచించుకుంది. పిల్లలకు దారి నేర్పించండి అని అడిగితే వదిన ముప్పైకి ముప్పై చూపిస్తుంది. అలా అడగకూడదు.

"వదినా, సోమవారం మా గైడు వస్తున్నారు. మీ పిల్లలు దిబ్బ ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూస్తారట."

"చూడనీ."

"మెరక బడివాళ్లు నాలుగు నిమిషాల్లో ఎక్కారు." రెండు నిమిషాలు ఆమె సొంతంగా కోసేసింది.

వదిన కలం ఆగింది. "నాలుగా? వాళ్లు పుట్టడమే మెరక మీద పుట్టారు. ఎక్కడానికేముంది?"

"నేనూ అదే అన్నాను. మావాళ్లను వాళ్లతో పోల్చకండి, పావుగంటలో ఎక్కినా గొప్పే అని చెప్పాను."

"ఎవర్నడిగి చెప్పావు?" వదిన లేచింది. "పావుగంటట. లెక్కల మాస్టారూ, ఒకసారి ఇలా రండి. ఆ వెనక గేటు తాళం పగలగొట్టించండి."

ఇక భూగోళం నోరు విప్పే అవసరం రాలేదు. బారు గంట ఇంటికి, మూడు పొట్టి గంటలు దిబ్బకి అని వదినే తేల్చింది. ఒక్క తొమ్మిదో తరగతే ఎందుకు, బడంతా ఎక్కాలంది. పెద్ద పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో చిన్నపిల్ల చెయ్యి పట్టుకోవాలంది. సంచులు ముట్టుకుంటే వీపు చీరేస్తానంది. భూగోళం వరండాలోకి వచ్చి గైడుకు మూడోసారి ఫోన్ చేసింది.

"సోమవారం రాకండి. ముందటి లెక్క పోయింది."

"ఎవరు చెప్పారు వాళ్లకి?"

"నేనే."

"మూడో గడువు ఇవ్వరమ్మా."

"తెలుసండి," అని పెట్టేసింది. పెట్టాక కళ్లు మండాయి. వాన జల్లు వరండాలోకీ కొడుతోంది కదా, ఎవరూ చూడలేదు.

శనివారం వాన కాస్త సన్నబడింది. భూగోళం గడియారం పట్టుకుని ట్యాంకు కింద నిలబడింది. కింద వదిన బొత్తాం అప్పగించిన లెక్కల మాస్టారు మూడు పొట్టి గంటలు కొట్టాడు. మొదటిసారి పదిహేడు నిమిషాలు పట్టింది, అందులోనూ ఇద్దరు అలవాటుగా ఇంటికి పోయారు. రెండోసారి పదకొండు. మూడోసారికి కలప దొడ్డి యజమాని వచ్చి, తన దుంగల మీదుగా మంద తోలుతున్నారేమిటని గొడవ పెట్టుకున్నాడు. వదిన అతనికి ఏం చెప్పిందో కాని, దుంగలు పక్కకు జరిపించి తనూ దారి చూపిస్తూ నిలబడ్డాడు. అయిదోసారికి వదిన బురద కాళ్లతో, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, పిల్లలకన్నా ముందే దిబ్బ ఎక్కింది. ఆవిడకు యాభై ఆరేళ్లు.

"ఎంత?"

"నాలుగు నిమిషాల పది సెకన్లు."

"సోమవారం చూడు, మూడున్నరకు దించుతాను. మీ గైడు నోరు తెరుచుకుని చూడాలి."

"ఆయన రారు వదినా. నేనే వద్దన్నాను."

"అదేంటి? మరి నీ పుస్తకం?"

"లేదు."

వదిన నోరు మూసుకోవడం భూగోళం మొదటిసారి చూసింది. అది ఎంతోసేపు నిలవలేదు.

"పుస్తకం లేకపోతే, ఇంతమందిమి ఈ బురదలో దొర్లుతోంది ఎవరికోసం?"

భూగోళం పిల్లలను లెక్కపెడుతోంది. వరసలు రెండుసార్లు చూసింది. తర్వాత కిందికి చూసింది. కలప దొడ్డి దగ్గర ఒకటో తరగతి పిల్లలు తొమ్మిదిమంది రంపప్పొట్టులో కూర్చుని ఇళ్లు కట్టుకుంటున్నారు. వాళ్ల చేతులు పట్టుకోవలసినవాళ్లు పైకొచ్చి వదిన పక్కన నిలబడి ఉన్నారు.

"నాలుగు పది కాదు వదినా. ఇంకా తొమ్మిదిమంది రాలేదు."

వదిన కళ్లజోడు తుడుచుకుని చూసింది. "పిల్ల వెధవలు వాళ్లు. వాళ్లను కూడా లెక్క వేస్తావా?"

"వేస్తాను," అంది భూగోళం. గడియారం సున్నాకు తిప్పింది. "అందరూ దిగండి. మళ్లీ."