పక్కింటికి పోయే నీడ

ముప్పాళ్ళలో మిరపకాయల రోజులు. పొద్దున టీ తాగి ఆడవాళ్లంతా అరుగుల మీద ఎండుకాయలు పోసుకుని తొడిమలు తీస్తున్నారు. షాహిస్తా మాత్రం వాకిట్లో కూతురి గడ్డం పట్టుకుని కూర్చుంది.

"నా మొహం చూడు. అమ్మీ అను. ఒక్కసారి అను."

ఏడేళ్ల ఆయేషా అనలేదు, చూడనూ లేదు. డాక్టరు ఆటిజం అన్నప్పటి నుంచి, మూడేళ్లుగా రోజూ ఇదే పాఠం. పిల్ల మెడలో నాలుగు తాయెత్తులు. చుట్టాలొస్తే లోపలి గదిలో పెట్టి బయట గొళ్లెం. ఎప్పటిలాగే పిల్ల గోడవైపు తిరిగింది. దాని నీడ లేచి, ఆ గోడ దాటి, పక్కింటి ప్రేమకుమారి అరుగు మీదికి పోయింది.

"మీ పాప నీడ మా ఇంట్లోనే ఉందిలే" అని ప్రేమకుమారి కేకేసింది. మీ కోడి మా దొడ్లో ఉంది అన్నంత మామూలుగా రోజూ వేసే కేకే అది. వింటే షాహిస్తాకి ఒళ్లు మండేది. కన్నది తను. నిద్ర మానుకున్నది తను. ఆవిడ ఏం పెట్టిపుట్టిందని నీడ అక్కడికి పోవాలి? ఆ ఇంటి చేపలకూర వాసనొచ్చినా తిట్టుకునేది. అసూయకి ఇదీ అదీ అని ఉండదు కదా.

అందుకే పిల్లని గుంటూరులో హాస్టలు బడిలో వేయడానికి సంతకం పెట్టేసింది. తనకి దక్కనిది పక్కింటావిడకీ దక్కకూడదు.

సోమవారం వీధి చివర బస్సు ఆగింది. కండక్టరు పిల్లని పైనుంచి కిందికి చూశాడు.

"నీడేదమ్మా? నీడ లేకుండా ఎక్కించుకోను. తెచ్చుకో, ఐదు నిమిషాలు ఆపుతా."

షాహిస్తా పిల్ల చెయ్యి పట్టుకుని వెనక్కి నడిచింది. పిల్లని వీధిలో నిలబెట్టి అరుగెక్కింది. ప్రేమకుమారి తొడిమ తీసిన కాయల్ని మొనలన్నీ తూర్పుకి పెట్టి వరసగా పేరుస్తోంది. పక్కనే నీడ కూర్చుంది. షాహిస్తా వంగి నీడ చెయ్యి పట్టి లాగింది. నేల గీసుకుని గోరు విరిగింది గానీ నీడ కదల్లేదు.

"నా బిడ్డకి ఏం మందు పెట్టావక్కా?"

"మందేంది? నేను దాన్నేం అడగను. అది ఎట్టా పేరిస్తే అట్టా పేరుస్తా." ప్రేమకుమారి జరిగి చోటిచ్చింది. "లాగితే రాదు గానీ, కూర్చో."

షాహిస్తా కోపంతోనే కూర్చుంది. ఒక కాయ తొడిమ తీసి పెట్టింది. నీడ వేలు దాన్ని తూర్పుకి తిప్పింది. రెండోది తనే సరిగ్గా పెట్టింది. పదో కాయకి "అమ్మీ అను" అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది. చానా కష్టంగా దిగింది.

వీధిలోంచి ఆయేషా నడిచొచ్చి, తల్లికి ఆనుకుని తన నీడ మీదే కూర్చుంది. తనూ ఒక కాయ తీసుకుంది.

"నీడొచ్చిందిగా, ఇక ఎక్కండి" అని కండక్టరు అరిచాడు.

షాహిస్తా తలెత్తలేదు. "నువ్వు పో అన్నా. ఈ వరస ఇంకా అవలేదు."

మర్నాడు పొద్దున గోడ అవతల నుంచి కేక వినిపించింది. "ఏమే, ఇయ్యాల నీడ రాలేదేంది?"

"మా ఇంట్లోనే ఉందిలే అక్కా." షాహిస్తా గొంతులో గర్వాన్ని దాచుకోలేదు.

అవతల చప్పుడు లేదు. ఆ మౌనం ఎలాంటిదో షాహిస్తాకి బాగా తెలుసు, మూడేళ్లు అందులోనే ఉడికింది. చాటలో కాయలు పోసుకుని పక్కింటికి బయల్దేరింది. చెయ్యి పట్టుకోకుండానే ఆయేషా వెనక నడిచింది, దాని వెనక నీడ.