పక్షుల మీదికి నెట్టిన తప్పు

నడిసముద్రంలో ఇనుపకాళ్ళ మీద నిలబడ్డ చమురు ప్లాట్‌ఫాం అది. అక్కడి నూట ఇరవై మంది పనివాళ్ళకు వండిపెట్టే పెద్దాయనను అందరూ ‘పెద్దగరిటె’ అనేవారు. పొద్దున ఫలహారాలు ముగియగానే ఆయన మిగిలిన అన్నం, రొట్టెముక్కలు, చేపతలలు రెండు బకెట్ల నిండా తెచ్చి, కింది అంతస్తు కమ్మీ మీదుగా సముద్రంలోకి ఒంపేవాడు. ఎక్కడెక్కడి పక్షులో మూకుమ్మడిగా వచ్చి వాలేవి. ఇక్కడ వేళకు డ్యూటీకి వచ్చేది ఇవేనని పనివాళ్ళు నవ్వుకుంటూ ఫోటోలు తీసుకునేవారు. చూడముచ్చటైన ఆ దృశ్యంలో ఎంత ముప్పు దాగి ఉందో ఆ నవ్వేవాళ్ళకు తెలియదు.

వంటగది చెత్తను మెత్తగా నూరి, గొట్టం గుండా నీటి అడుక్కి పంపే యంత్రం ఒకటి ఉండేది. అది చెడి నాలుగు నెలలైంది. పెద్దగరిటె మూడుసార్లు మేనేజరుతో మొరపెట్టుకున్నాడు. పంపులే మొరాయిస్తుంటే మధ్యలో నీ రోలు గొడవేమిటయ్యా, సముద్రం చిన్నదా, పారబొయ్యి అన్నాడాయన. మరోపక్క, పనివాళ్ళను దింపి ఎక్కించుకుపోయే హెలికాప్టర్ పైలటమ్మ, దిగేచోట పక్షులు పెరిగాయని రెండుసార్లు రాసిచ్చింది. పక్షులకు మనం ఏం చెబుతామని మేనేజరు ఆ కాగితాలనూ పక్కన పడేశాడు. ఆమె రాసినట్టు వంటాయనకు తెలియదు, ఆయన చెప్పినట్టు ఆమెకు తెలియదు. రెండూ తెలిసినవాడు మేనేజరు ఒక్కడే.

ఒక రోజు మబ్బు కమ్ముకొస్తోందని హెలికాప్టర్ గంట ముందే బయలుదేరింది. ఆ కబురు వంటగదికి చెప్పాలని ఎవరికీ తోచలేదు. పెద్దగరిటె రెండో బకెట్ ఒంపుతుండగా దూరాన మోత వినిపించింది. తలెత్తేసరికి హెలికాప్టర్ సూటిగా తన వైపే దిగుతోంది. నీళ్ళ మీద వందల పక్షులు. అరిస్తే బెదిరి పైకి లేస్తాయి, ఊరుకున్నా ఆ మోతకే లేస్తాయి.

పక్షులు ఒక్కుమ్మడిగా లేచాయి. ఫట్‌మని చప్పుడైంది. ముందరి అద్దం పగిలింది. హెలికాప్టర్ పక్కకు ఒరిగి, హెలిప్యాడ్ అంచు కిందికి జారి కనుమరుగైంది. లోపల పదకొండు మంది ఉన్నారు. మోత ఆగిపోలేదు, అదొక్కటే ఆశ. అంతలో అది అవతలి వైపున వణుకుతూ పైకి లేచి, అడ్డదిడ్డంగా హెలిప్యాడ్ మీద కూలబడింది. ఆయన మెట్లు రెండేసి చొప్పున దూకుతూ పైకి పరుగెత్తాడు.

దాన్ని దింపింది పక్క పైలటు. పైలటమ్మ ముఖమంతా నెత్తురు, గాజుపెంకులు. పెద్దగరిటే ఆమెను మోసుకొచ్చి వైద్యుడి గదిలో పడుకోబెట్టాడు. కుట్లు పడుతున్నంతసేపూ ఆమె ఆయన చెయ్యి వదల్లేదు.

"ఇన్ని పక్షులు ఇక్కడే ఎందుకు మూగుతున్నాయో నాకు అంతుపట్టడం లేదు, బాబాయ్" అంది.

పెద్దగరిటెకు తన రెండు బకెట్లు కళ్ళ ముందు మెదిలాయి.

సాయంత్రం మేనేజరు నివేదిక రాయించాడు. పక్షులు ఎటునుంచో హఠాత్తుగా వచ్చాయట, ఎవరి పొరపాటూ లేదట. కళ్ళారా చూసినవాడు గనుక వంటాయనను సంతకం పెట్టమన్నాడు. ఆయన కాగితం రెండుసార్లు చదివి బల్ల మీద పెట్టేశాడు.

"అవి ఎటునుంచో రాలేదండీ. నా బకెట్ కోసం వచ్చాయి. నేనే పిలిచాను, మీరే పిలవమన్నారు."

"పిచ్చిగా మాట్లాడకు. ముందు పోయేది నీ ఉద్యోగమే."

"పోనివ్వండి. ఆ పిల్ల కన్ను పోయుంటే నాకు తిండి ఎలా సహిస్తుందండీ?"

ఆయన జరిగినదంతా తన వంకరటింకర అక్షరాలతో వేరే కాగితం మీద రాసి, విచారణకు వచ్చిన అధికారుల చేతికే ఇచ్చాడు. వాళ్ళు పైలటమ్మ కాగితాలను దాని పక్కన పెట్టి చూశారు. యంత్రం బాగుపడేదాకా అక్కడికి హెలికాప్టర్ రాదని తేల్చారు. నాలుగు నెలలుగా కాని మరమ్మతు ఒకటిన్నర రోజులో అయిపోయింది. మేనేజరును తప్పించారు. పెద్దగరిటెను కూడా ఇంటికి పంపి, విచారణ ముగిశాక మళ్ళీ పిలిచారు. ఇప్పుడు హెలికాప్టర్ వేళ మారితే ముందు కబురు వెళ్ళేది వంటగదికే. దిగడం ఆపమని చెప్పే హక్కు వంటవాడికీ ఉంది.

రెండు నెలలకు పైలటమ్మ తిరిగి వచ్చింది. కన్ను దక్కింది గానీ కనుబొమ మీద మచ్చ మిగిలింది. పనివాళ్ళందరూ భోజనాల గదిలో చేరారు. తన మూలాన ఇంత జరిగిందని పెద్దగరిటె తలవంచుకుని వెనక నిలబడితే, ఆమె ఆయనను ముందుకు పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"మేం ఎంత జాగ్రత్తగా నడిపినా, మా ప్రాణాలు కింద పనిచేసే మీ అందరి చేతుల్లోనే ఉంటాయి" అంది. "మీకు తేడాగా కనిపించింది చెప్పండి. వినకపోతే మళ్ళీ చెప్పండి. పెద్ద కుర్చీలో ఉన్నవాళ్ళకు నా మనవి ఒక్కటే, వంటగదిలోంచి వచ్చిన మాటైనా సరే, ఒక ప్రాణం దాని మీద ఆధారపడి ఉందనుకుని వినండి."