వెంకట్రాజు, అత్తిలి

నేను పెరట్లో చేపలు బూడిదతో రుద్దుతుంటే, "ప్రశ్నలు రాశావటోయ్?" అని మా వారు గడపలోంచే అడుగుతారు. నెలనెలా ఇదే వరస. నరసింహమూర్తిగారు, అంటే మా వారు, ఏలూరులో ఒక మాసపత్రిక నడుపుతారు. అందులో పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తారు. వచ్చే ఉత్తరాలు రెండో మూడో. మిగతా పదీ నేను కల్పించాలి, కింద ఊరూ పేరూ నేనే పెట్టాలి. ఆంధ్రరాష్ట్రం వచ్చిన ఏడాది మొదలైంది ఈ చాకిరీ, నాలుగేళ్లయింది. వంటా, బట్టలూ, అత్తగారి మోకాళ్లకు ఆముదం అయ్యాక రాయడానికి కూర్చుంటే, "నీకేమమ్మా, నీడపట్టున పని" అంటారావిడ. కనకరత్నం అన్న నా పేరు ఆ పత్రికలో ఒక్కసారీ పడలేదు. పడాలని కోరుకునే ఓపికా పోయింది.

మొన్న మాఘంలో మాత్రం నిజంగా నాదైన ప్రశ్న ఒకటి రాశాను. "నాకు ముప్పై దాటాయి. ఎనిమిదితో చదువు ఆగింది. ఇప్పుడు ప్రైవేటుగా మెట్రిక్కు కట్టవచ్చునా?" కింద వెంకట్రాజు, అత్తిలి అని పెట్టాను. "చదువుకు వయసేమిటి సోదరా, నేడే మొదలుపెట్టు" అని జవాబు అచ్చయింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. రెండు నెలలాగి, ఒక్క అక్షరం మార్చకుండా అదే ప్రశ్న కింద తులసి, భీమడోలు అని పెట్టాను. "సోదరీ, స్త్రీకి ఇల్లే విశ్వవిద్యాలయం. ముందు మీ భర్తగారి అనుమతి పొందండి" అన్నారు. ఆయన ముందు పేరు చూస్తారు, ఆ తర్వాతే ప్రశ్న చదువుతారు.

సరే, అనుమతే అడుగుదామని మజ్జిగ పోస్తూ నోటితోనే అడిగాను. ఆయన నవ్వేశారు.

"నువ్వు చదువుకుంటే ప్రశ్నలెవరు రాస్తారే?"

కోపం రావలసింది. నీరసం వచ్చింది. లోకంలో లేని వెంకట్రాజుకు దొరికిన జవాబు, ఎదురుగా నిలబడి అడిగిన నాకు దొరకలేదు. ఎంగిలి కంచం తీసి, ఆ చోటు తుడిచాను.

పక్కింటి పంతులమ్మ రత్నమాణిక్యంగారు దరఖాస్తు తెచ్చిపెట్టారు. ఇన్ని పేర్లు రాసిన చెయ్యి సొంత పేరు దగ్గర తడబడింది. అయినా రాశాను, పోస్టులో వేశాను.

నిన్న ఆయన ప్రెస్సు నుంచి చిరాగ్గా వచ్చారు. పేజీ ఖాళీగా ఉందట, అత్తిలి వాడి పేరుతో అయినా నాలుగు ముక్కలు గీకమన్నారు.

"వెంకట్రాజు ఇంక రాయడండీ," అన్నాను. "మీరు చెప్పినట్టే మెట్రిక్కు కట్టాడు. దరఖాస్తులో పేరు మాత్రం కనకరత్నం అని రాశాడు."